ఊహకు ఒక మార్కు కోత

ఇంటర్ రెండో సంవత్సరం తర్వాత రాసిన ప్రవేశ పరీక్షలో ఇందుమతి ఇరవై రెండు ప్రశ్నలకు ఏ గుర్తూ పెట్టకుండా వచ్చేసింది. తప్పు జవాబుకు మార్కు కోస్తారు, తెలియనిది ముట్టుకోవద్దని లెక్చరర్లు ఏడాది పొడుగునా చెప్పారు. ఆమె ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. పక్క బెంచీ స్నేహితురాలు మాత్రం తెలియని ప్రశ్నలన్నింటికీ మూడో గడి నింపేసి, బయటికొచ్చి ఆ సంగతి నవ్వుతూ చెప్పింది. ఆ పిల్లకు సీటొచ్చింది. ఇందుమతికి పదకొండు మార్కుల తేడాతో పోయింది.

ఆ తర్వాత ఆమె గణితం చదివింది, సంఖ్యాశాస్త్రంలో పరిశోధన చేసింది. చివరికి కర్నూలులో ప్రవేశ పరీక్షల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా చేరింది. నలభై ఆరేళ్ల వయసులో కూడా అదృష్టం అన్న మాట వింటే ఆమె మొహం ముడుచుకుపోతుంది. పెళ్లిలో ఎవరైనా సరదాకి చీట్లు తీయిస్తుంటే లేచి వెళ్లిపోయే మనిషి.

మార్కుల కోత లెక్క ఆమెకు కంఠస్థం. నాలుగు జవాబుల్లో సరైనది ఒకటి. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఏమీ తెలియనివాడు కళ్లు మూసుకుని నాలుగు ప్రశ్నలకు గుర్తులు పెడితే సగటున ఒకటి తగులుతుంది, మూడు తప్పిపోతాయి. నాలుగులోంచి మూడు తీసేసినా ఒక మార్కు మిగులుతుంది. అంటే తెగించినవాడికి లాభం, భయపడి వదిలేసినవాడికి నష్టం. పోనీ కోత పెంచుదామంటే సగం తెలిసినవాడు దెబ్బతింటాడు. ఎంత కోత పెట్టినా కాగితం మీది నల్లచుక్క తెలిసి పెట్టిందో ఊహించి పెట్టిందో చెప్పదు. అది చెప్పే సాధనం కోసం ఇందుమతి ఎనిమిదేళ్లు పనిచేసింది.

ఆ సాధనం దస్తగిరి చేతిలో దొరికింది. దస్తగిరి కేంద్రంలో పరికరాల మెకానిక్. అంతకుముందు వన్‌టౌన్‌లో బంగారం అంగళ్ల కాటాలు బాగుచేసేవాడు. బియ్యపు గింజలో సగం బరువు తేడా ఉన్నా అతని వేళ్లు పసిగట్టేవి. పరీక్ష రాసే గాజుపలక మీద అతికించడానికి ఉల్లిపొర లాంటి పలుచని పొర ఒకటి అతనే తయారుచేశాడు. వేలు ఆనగానే వేలికొసలోని నాడిని కూడా అది పట్టుకునేది. నాడితో ఏదైనా తెలుస్తుందేమోనని ఇందుమతికి ఆశే తప్ప, ఏం తెలుస్తుందో ఆమెకూ తెలియదు.

ఒక మధ్యాహ్నం దస్తగిరి పొరను సరిచూస్తూ తన వేలే పలక మీద పెట్టాడు. ఊరికే కూర్చోవడం ఎందుకని ఇందుమతి ప్రశ్నలడిగింది. తుంగభద్ర ఏ నదిలో కలుస్తుందంటే అతను కృష్ణ అన్న గడిని నొక్కాడు. తెర మీద కదులుతున్న పచ్చగీత, నొక్కడానికి సరిగ్గా ఒక్క క్షణం ముందు, చిన్న గుంటలో దిగి లేచింది. ధ్రువనక్షత్రం ఎంత దూరమంటే అతను నవ్వి ఏదో ఒక గడి నొక్కాడు. గుంట పడలేదు. ఇందుమతి కుర్చీ ముందుకు లాక్కుంది. సాయంత్రం దాకా డెబ్బై ప్రశ్నలడిగింది. తెలిసినప్పుడల్లా అతని నాడి రెప్పపాటు నెమ్మదించింది. తెలియనప్పుడు నెమ్మదించలేదు. తెలిసిన మాట దగ్గర గుండె కాస్త కుదుటపడుతుందన్న మాట. మరుసటి నెలలో నాలుగు వందల మంది కాలేజీ పిల్లల మీద చూస్తే వందకు తొంభై నాలుగు సార్లు అదే తేలింది.

అందరూ దాన్ని ఉత్తగా పలక అన్నారు.

పలక సిద్ధమయ్యాక దానికి నిబంధన రాయాల్సి వచ్చింది. ఊహించి పెట్టిన జవాబు ఒప్పయితే సున్నా ఇస్తే చాలని ఇందుమతి రాసింది. కమిటీలో ఆ వాక్యం నిలవలేదు. డైరెక్టర్ చక్రపాణి మర్యాదస్తుడు, పట్టుదల మనిషి. ఊహించడమే తప్పని పిల్లలకు గట్టిగా తెలియాలని ఆయన వాదించాడు. చివరికి నిబంధన ఇలా తయారైంది: తెలిసి పెట్టిన ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత, ఊహకు ఒప్పయినా సరే ఒక మార్కు కోత. ఇందుమతి అరగంట అభ్యంతరం చెప్పింది. ఒప్పుకోకపోతే ఈ ఏడు ప్రయోగమే ఆగిపోతుందని చక్రపాణి మెల్లగా చెప్పాడు. ఆమె సంతకం పెట్టింది.

ఆ వేసవిలో మూడు జిల్లాల్లో ముప్పై ఒక్క వేల మంది పలకల మీద పరీక్ష రాశారు. వాళ్లలో దస్తగిరి కూతురు షంషాద్ కూడా ఉంది. ప్రభుత్వ బాలికల జూనియర్ కాలేజీలో చదివిన పిల్ల, వాళ్లింట్లో ఇంటర్ దాకా వచ్చిన మొదటి మనిషి. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదవాలని దాని కోరిక. పరీక్ష నాడు కేంద్రంలో దస్తగిరి ఒక్క పని కూడా సరిగా చేయలేకపోయాడని తోటివాళ్లు నవ్వుకున్నారు.

ఫలితాలొచ్చిన రోజు అతను ఇందుమతి గదికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, మార్కుల కాగితం బల్ల మీద పెట్టాడు. డెబ్బై ఐదు ప్రశ్నలు. యాభై ఎనిమిది ఒప్పులు, తొమ్మిది తప్పులు, ఎనిమిది ఖాళీలు. ఆ యాభై ఎనిమిది ఒప్పుల్లో నలభై ఒకటింటి పక్కన 'ఊహ' అని అచ్చయి ఉంది. మిగిలిన పదిహేడుకు అరవై ఎనిమిది మార్కులు, ఊహలకు నలభై ఒకటి కోత, తప్పులకు తొమ్మిది కోత. మూడు వందలకు షంషాద్‌కు వచ్చినవి పద్దెనిమిది.

"నేను జేసిన పొరే గదా మేడం," అన్నాడు దస్తగిరి. "అది అబద్ధం చెప్పదు. రెండేండ్లు మా పాప పుస్తకం ముందర పెట్టుకోని నన్ను మోసం చేసినాది."

కూతురితో అతను నాలుగు రోజులుగా మాట్లాడటం లేదట. ఆ పిల్ల కూడా ఎదురు చెప్పలేదట. పుస్తకాలన్నీ మూటకట్టి అటక మీద పెట్టి, మేనత్త పరుపుల అంగట్లో సూది పట్టుకుని కూర్చుందట. ఇదంతా అతను గోడకేసి చూస్తూ చెప్పాడు. పిల్ల తప్పు చేసిందన్న బాధ కంటే, ఆ సంగతి తన చేతిపని వల్ల బయటపడిందన్న బాధ అతన్ని ఎక్కువగా తినేస్తున్నట్టు ఇందుమతికి అనిపించింది.

అతను వెళ్లాక ఆమె కాగితం మళ్లీ చూసింది. తప్పుల్లో కూడా ఏడింటి పక్కన ఊహ అని ఉంది. అంటే షంషాద్ ఊహించిందని పలక చెప్పినవి మొత్తం నలభై ఎనిమిది. నలభై ఎనిమిది సార్లు గుడ్డిగా గుర్తు పెడితే పన్నెండు ఒప్పులు రావాలి. అదృష్టం బాగుంటే పదిహేను, పద్దెనిమిది. ఈ పిల్లకు నలభై ఒకటి వచ్చాయి. లెక్క ప్రకారం అలాంటి అదృష్టం ఈ భూమి మీద ఎవరికీ పట్టదు. అదృష్టాన్ని జన్మంతా అనుమానించిన ఇందుమతికి అది రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఊహ అని ముద్ర పడిన ఆ ఒప్పులు ఊహలు కావు. పలక అబద్ధం చెప్పింది. కాదు, వీళ్లంతా అడిగిన ప్రశ్న ఒకటైతే అది ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పింది.

మర్నాడు ఆమె ఒక పలకను సంచీలో పెట్టుకుని పరుపుల అంగడికి వెళ్లింది. దూదిపొగ మధ్య షంషాద్ మోకాళ్ల మీద కూర్చుని పరుపు అంచు కుడుతోంది. తలలో, కనుబొమల మీద తెల్లటి నూగు. ఇందుమతిని చూసి లేచి, స్టూలు తుడిచి వేసింది. కేంద్రం నుంచి వచ్చారంటే తనను ఏదో అడిగి శిక్షించడానికే అనుకున్నట్టుంది. తను కాపీ కొట్టలేదని, పక్కకు కూడా చూడలేదని తనే మొదలుపెట్టింది.

ఇందుమతి ఆ మాట పట్టించుకోకుండా పలక తీసి ఆ పిల్ల ముందు పెట్టింది. ఆరుకు మూడు పరుపులో దూది ఎంత పడుతుందని అడిగింది. పన్నెండు కిలోలని షంషాద్ వేలు తడుముకోకుండా నొక్కింది. పచ్చగీతలో గుంట నిక్కచ్చిగా పడింది. తర్వాత భౌతికశాస్త్రంలోంచి అడిగింది. రాయిని నిట్టనిలువుగా పైకి విసిరితే, అది అందుకోగలిగినంత ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత? షంషాద్ వేలు సున్నా మీదికి పోలేదు. గురుత్వ త్వరణం అన్న గడి దగ్గరే ఆగి, నొక్కింది. జవాబు సరైనదే. గీతలో గుంట లేదు. తెర మీద ఊహ అని వచ్చింది.

"ఎందుకు అది పెట్టావు?" అంది ఇందుమతి.

"ఆడ వేగం సున్నా అయితాది గానీ త్వరణం కాదు మేడం. అది గూడా సున్నా అయితే రాయి ఆ పైన్నే నిలబడిపోవాల గదా." అని షంషాద్ వెంటనే తల వంచుకుంది. "నాకట్ల అనిపించినాది. తప్పేమో."

"అంత చక్కగా చెప్పి మళ్లీ తప్పేమో అంటావేం?"

షంషాద్ చాలాసేపు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించింది. తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. హైస్కూల్లో తను ఏం చెప్పినా, ఖచ్చితంగా తెలుసా అని మాస్టరు అడిగేవాడట. మగపిల్లల్ని అడిగేవాడు కాదట. ఇంట్లో నాయన కాటాల మనిషి కాబట్టి, మూడుసార్లు తూచనిదే దేన్నీ నమ్మొద్దని చిన్నప్పటినుంచీ నేర్పాడట. అందుకే జవాబు వచ్చాక కూడా ఇంకోసారి తూస్తుందట, మళ్లీ తూస్తుందట. వేలు గడి మీద పెట్టేటప్పుడు కూడా లోపల తూకం ఆగదట.

"జవాబు నాకు తెలుసు మేడం," అంది చివరికి. "తెలుసు అని మాత్రం నాకు తెల్దు."

ఆ సాయంత్రం ఇందుమతి అన్నం ముందు చేయి కదపకుండా కూర్చుంటే భర్త సుధీంద్ర ఏమైందని అడిగాడు. ఆయన పశువైద్యుడు. ఆమె మొత్తం చెప్పింది. ఆయన పెరుగు వడ్డించుకుంటూ విన్నాడు. గోశాలలో కొత్త ఆవును పరీక్షించబోయినప్పుడల్లా దాని గుండె దడదడ కొట్టుకుంటుందని, మొదట్లో తను అది జబ్బు అనుకుని మందులు రాసేవాడినని చెప్పాడు.

"అది నన్ను చూసి భయం, ఇందూ. జబ్బు కాదు. ఇప్పుడు ముందు కాసేపు మెడ నిమురుతాను. ఆ తర్వాతే చూస్తాను."

తను ముప్పై ఒక్క వేల మందిని ఒక్కరి మెడా నిమరకుండా పరీక్షించానని ఇందుమతి అనుకుంది.

తర్వాతి పది రోజులూ ఆమె మొత్తం పిల్లల లెక్కలు తిరగేసింది. ఊహ అని ముద్ర పడ్డ జవాబుల్లో ఒప్పులు నాలుగో వంతు ఉండాలి. పదకొండు వేల మందికి సగానికి పైగా ఉన్నాయి. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు, తెలుగు మీడియం పిల్లలు, ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్లలు. ఇంకో వైపు, తప్పు జవాబు పెట్టి కూడా నాడి నిదానంగా, కుదురుగా నెమ్మదించిన పిల్లలు నాలుగు వేల మంది తేలారు. వాళ్లకు తెలియదు, కానీ తెలుసని గట్టి నమ్మకం. కాలేజీ పిల్లల మీద మొదట చేసిన ప్రయోగంలో ఇది ఎందుకు బయటపడలేదో ఇప్పుడు ఆమెకు అర్థమైంది. అప్పుడు సీటు పోయే భయం ఎవరికీ లేదు. పరీక్ష హాల్లో పలక చదివింది చదువును కాదు, తమ మీద తమకున్న నమ్మకాన్ని.

చక్రపాణి ఆమె కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. వచ్చే ఏడు రాష్ట్రమంతటా పలకలు పెట్టాలని ఉత్తర్వు వెళ్లిపోయిందని, సీట్ల మొదటి విడత కూడా అయిపోయిందని అన్నాడు. కోత తీసేస్తే మళ్లీ మూడో గడి నింపేవాళ్ల రాజ్యం వస్తుందని కూడా అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు, ఆ బాధ ఇందుమతికే బాగా తెలుసు. ఎనిమిదేళ్ల పనిని మీ చేత్తో మీరే పడగొట్టుకుంటారా అని ఆయన నిజమైన బాధతోనే అడిగాడు. కమిటీ ముందు ఒక అరగంట ఇప్పించమని ఆమె అడిగింది. అది ఆయన కాదనలేదు.

కమిటీలో ఏడుగురు కూర్చున్నారు. ఇందుమతి లెక్కల పటాలేవీ పెట్టలేదు. పలకను పెద్ద తెరకు కలిపి, దస్తగిరిని పక్కన నిలబెట్టుకుని, చక్రపాణిని ముందుకు రమ్మంది. కేంద్రం ఏ సంవత్సరంలో మొదలైందని అడిగింది. దాన్ని మొదలుపెట్టిన మనిషి ఆయనే. నవ్వి నొక్కాడు. తెర మీద చక్కటి గుంట పడింది.

మొదటి ఏడాది ఇక్కడ ఎంతమంది పనిచేశారన్నది రెండో ప్రశ్న. ఆయన వేలు తొమ్మిది అన్న గడి మీదికి వెళుతుండగా ఇందుమతి మామూలు గొంతుతో అంది:

"తప్పయితే ఒక మార్కు కోత సార్. సమావేశం రికార్డులో కూడా రాస్తారు. మీకు ఖచ్చితంగా తెలుసా?"

చక్రపాణి వేలు గాజు మీద ఆగింది. ఆయన ఒకసారి కళ్లు చికిలించి, తొమ్మిది మీదే నొక్కాడు. అది సరైన జవాబు. పచ్చగీత మాత్రం చెరువు మట్టంలా చదునుగా ఉంది. కింద పెద్ద అక్షరాలతో ఊహ అని వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. చక్రపాణి తెరను, తన వేలిని మార్చి మార్చి చూసుకున్నాడు.

"తొమ్మిది మందే," అన్నాడు. "వాళ్ల పేర్లు కూడా చెప్పగలను. నాకు తెలుసు."

"మీకు తెలుసని నాకూ తెలుసు సార్. పలకకే తెలియలేదు," అంది ఇందుమతి.

కమిటీ అధ్యక్షురాలు ఒక్కటే ప్రశ్న అడిగింది, ఇలాంటి పిల్లలు ఎంతమంది అని. ఇందుమతి పదకొండు వేలని చెప్పింది. అప్పుడే తను సంతకం పెట్టిన నిబంధన కాగితాన్ని కూడా బల్ల మీద పెట్టి, ఈ తప్పులో మొదటి వాటా తనదేనని చెప్పింది.

ఉత్తర్వు రద్దయింది. ఊహకు కోత పోయింది. మూడు జిల్లాల పిల్లల జవాబులకు తప్పు కోత కూడా లేకుండా మళ్లీ మార్కులు వేశారు. ఊహించడం వల్ల కొందరికి నాలుగు మార్కులు ఎక్కువ రావచ్చని, తెలిసిన పిల్లకు తెలియదని ముద్ర వేయడం కంటే అది చిన్న తప్పని అధ్యక్షురాలు రాసింది. ఇందుమతి చిన్నప్పటినుంచీ ద్వేషించిన ఆ అదృష్టానికి తలుపు మళ్లీ కొంచెం తెరుచుకుంది. ఆమె దానితో రాజీపడింది.

కానీ జరిగిన నష్టం అంతా తిరిగి రాలేదు. మంచి సీట్లు అప్పటికే నిండిపోయాయి. మార్కులు మారిన పిల్లలకు మిగిలిన సీట్లు ఇస్తామని ఉత్తరాలు పంపితే, నాలుగు వేల మంది నుంచి జవాబే రాలేదు. కొందరు పనుల్లో చేరారు, కొందరికి పెళ్లిళ్లయ్యాయి, కొందరు ఆ కవరు విప్పడానికే ఇష్టపడలేదు. ఇందుమతి ఆ నాలుగు వేల పేర్లూ దగ్గర పెట్టుకుని, ఆరు నెలల పాటు రోజుకు పాతిక చొప్పున తన చేత్తో ఉత్తరాలు రాసింది. నీ జవాబులు ఊహలు కావు, నీకు తెలుసు, పొరపాటు మాది అని. తొమ్మిది వందల మంది తిరిగి రాశారు. ఆమెను పరిశోధన నుంచి తప్పించి ప్రశ్నపత్రాల అచ్చుతప్పులు దిద్దే విభాగంలో వేశారు. పలకలు మూలగదిలోకి చేరాయి.

షంషాద్‌కు దూరపు ఊళ్లో ఇంకేదో కోర్సులో సీటు వచ్చింది. అది వద్దని, ఒక ఏడు ఆగుతానని ఆ పిల్ల తనంతట తనే తేల్చుకుంది. కమిటీ నాటి సాయంత్రం దస్తగిరి నేరుగా పరుపుల అంగడికే వెళ్లాడట. కూతురి పక్కన దూది కుప్ప మీద కూర్చున్నాడట. ఆ సంగతి తర్వాత షంషాదే ఇందుమతికి చెప్పింది.

"మూడు మార్లు తూచమని నేర్పిచ్చినా గానీ, తూచినంక నమ్మల్ల అని చెప్పలే, పాపా. అది నా తప్పు," అన్నాడట.

పలకలను బయటికి తీసే ఉపాయం కూడా అతనిదే. ఒక రోజు అచ్చుతప్పుల గదికి వచ్చి, పరీక్షలో వద్దు, పరీక్షకు ముందు పెడదామన్నాడు. కాటా బాగుచేశాక తూకంరాయి పెట్టి చూపిస్తే గానీ అంగడివాడికి దాని మీద నమ్మకం కుదరదు. పిల్లలకూ అట్లాంటిదే కావాలని అతని ఉద్దేశం. ఇందుమతి చక్రపాణిని అడిగింది. ఆయన అక్కడికక్కడే నలభై పలకలు బాలికల కాలేజీకి ఇమ్మని రాసి సంతకం పెట్టాడు. తర్వాత శనివారం ఆయనే వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూసి వెళ్లాడు.

పలక మీద మార్కులు తీసేశారు. గంటసేపు లెక్కలు చేశాక అది పిల్లకు ఒక జాబితా చూపించేది: ఇవి నీకు తెలుసు, నువ్వు నమ్మలేదు. ఇవి నీకు తెలియవు, తెలుసనుకున్నావు. మొదటి జాబితా చూసి కొందరు ఆడపిల్లలు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రెండో జాబితా చూసి కొందరు గొణిగారు, తర్వాత పుస్తకం తెరిచారు. షంషాద్ ప్రతి శనివారం వచ్చేది. మొదటి నెలలో ఆ పిల్ల పచ్చగీత చదునుగానే ఉంది. దసరా సెలవులయ్యాక అక్కడక్కడ చిన్న చిన్న గుంటలు పడ్డాయి. సంక్లిష్ట సంఖ్యల్లో మొదట పడ్డాయి, విద్యుత్తులో చాలా ఆలస్యంగా పడ్డాయి. అది తనకు అన్నింటికంటే ఇష్టమైన పాఠం, అందుకే దాంట్లో తప్పు చేయాలంటే ఎక్కువ భయమని ఆ పిల్లే వివరించింది. మార్చి వచ్చేసరికి షంషాద్ పలక వైపు చూడటం మానేసి, పక్క పిల్లలకు జాబితాలు విడమరిచి చెప్పడం మొదలుపెట్టింది.

ఆ ఏడు పరీక్ష పాత పద్ధతిలోనే కాగితం మీద జరిగింది. కోత లేదు. వారం తర్వాత బోర్డు ముసాయిదా జవాబులు విడుదల చేసింది. మర్నాడు పొద్దున్నే షంషాద్ తండ్రిని వెంటబెట్టుకుని ఇందుమతి ఇంటికి వచ్చింది. ముప్పై ఆరో ప్రశ్నకు బోర్డు ఇచ్చిన జవాబు తప్పని చెప్పింది.

ప్రశ్న చిన్నదే. గ్లాసు నీళ్లలో ఒక మంచుగడ్డ తేలుతోంది. గడ్డలోపల ఒక ఇనుప మేకు చిక్కుకుని ఉంది. మంచంతా కరిగాక నీటిమట్టం ఏమవుతుంది? మారదు అని బోర్డు చెప్పింది. తగ్గుతుంది అని షంషాద్ పెట్టింది.

ముగ్గురు ప్రొఫెసర్లు కలిసి చూసిన జవాబు అది. ఇందుమతి నోటిదాకా 'ఖచ్చితంగా తెలుసా' అన్న మాట వచ్చింది. అది హైస్కూల్లో మాస్టరు అడిగిన మాటేనని గుర్తుపట్టి ఆమె మింగేసింది. దస్తగిరి వైపు చూసింది. అతను కూడా ఏమీ అడగలేదు. చేతులు కట్టుకుని కూతురి మాట కోసం చూస్తున్నాడు.

"ఉత్త మంచు అయితే మారదు మేడం," అంది షంషాద్. "మేకు గడ్డలో ఉండేటప్పుడు దాని బరువుకు సరిపోయేన్ని నీళ్లను పక్కకు తోస్తాది. కిందికి మునిగినంక దాని సైజుకు సరిపోయేన్నే తోస్తాది. ఇనుము నీళ్లకన్నా బరువు గదా, అందుకని మట్టం దిగాల. ప్రశ్న రాసినోళ్లు మేకును మర్చిపోయినారు."

తను కూడా ఒకసారి లెక్క చేసి చూస్తానంది ఇందుమతి.

"చూడండి మేడం. తప్పు మాత్రం వాళ్లదే," అని షంషాద్ సుధీంద్ర ఇచ్చిన టీ అందుకుని నింపాదిగా తాగసాగింది.

ఇందుమతి కాగితం తీసుకుని రెండు రకాలుగా చేసింది. రెండుసార్లూ మట్టం తగ్గింది. ఆమె అభ్యంతరాల ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. షంషాద్ గ్లాసు పక్కన పెట్టి, ఫారంలో తన జవాబు రాసి, కింద కారణం నాలుగు పంక్తుల్లో రాసింది. ఒక్క అక్షరం కొట్టివేయలేదు.

పన్నెండో రోజు తుది జవాబులు వచ్చాయి. ముప్పై ఆరోది మారింది. దానికి ఆ పిల్లలాగే 'తగ్గుతుంది' అని గుర్తు పెట్టినవాళ్లు రాష్ట్రం మొత్తం మీద పదహారు వేల మంది. ముసాయిదా చూసుకుని తమదే తప్పని సర్దుకుపోయిన పదహారు వేల మందికి ఆ రోజు తలా నాలుగు మార్కులు కలిశాయి.